నిదానంగారి కారుకి వచ్చిన తొందర

“మళ్ళీ పట్టేసిందా సార్?” బానెట్ కిందినుంచి తల బయటపెట్టకుండానే అడిగాడు మెకానిక్.

“పట్టేయడమంటే అలా ఇలా కాదయ్యా! పెడల్ మీంచి కాలు తీసేసినా వేగం తగ్గదే! నీళ్ళ ట్యాంకర్‌ని దాటేశాం. నేను! ట్యాంకర్‌ని!”

ఆయనకది చిన్న అవమానం కాదు. లైబ్రరీలో ముప్పయ్యేళ్ళు చప్పుడు కాకుండా నడిచి రిటైరైన మనిషి. కారు స్పీడు ముల్లు ఏనాడూ నలభై దాటనివ్వలేదు. వెనక అద్దం మీద ‘నిదానమే ప్రధానం’ అని రాయించుకున్నారు. స్టీరింగ్ పట్టుకున్నారంటే పక్కన పిడుగు పడ్డా రోడ్డు మీంచి చూపు తిప్పరు. వీధివాళ్ళంతా ఆయన్ని నిదానంగారనే పిలుస్తారు.

అలాంటి మనిషి చేతిలో ఇరవయ్యేళ్ళు బుద్ధిగా నడిచిన కారుకి ఈ నెలలో ఏదో పూనినట్టయింది. మొదటిసారి మెకానిక్ కార్బురేటర్‌లో మసి కడిగాడు. రెండోసారి యాక్సిలరేటర్ కేబులు మార్చాడు. ఇది మూడోసారి.

“ఎక్కడెక్కడ పట్టింది సార్?”

“బ్యాంకుకి వెళ్తుంటే ఒకసారి, సరిగ్గా మూసేవేళకి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్తుంటే ఒకసారి. నిన్న మా బావమరిది ఇంటికి.”

“మరి ఆగడం ఎలా ఆగింది?”

“అదే విడ్డూరం! చేరాల్సిన చోటు రాగానే దానంతటదే వదిలేస్తుంది.”

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. పెడలూ, కేబులూ, చలి ఉదయాల్లో ఇంజను ఆరిపోకుండా చేత్తో లాగి వేగం పెంచే డాష్‌బోర్డు పిడీ, అన్నీ ఆడించి చూశాడు. ఏదీ పట్టడం లేదు. ఒక్కడే ఎక్కి వీధి చుట్టూ మూడుసార్లు తిప్పాడు. బండి గోవులా నడిచింది.

“డాక్టర్ని చూడగానే తగ్గిపోయే కడుపునొప్పి సార్ ఇది. కొత్త స్ప్రింగు వేశాను. ఇక పట్టదు.”

“ఇంకోసారి పట్టిందా, పాత ఇనుము వాడికి తూకానికిచ్చేస్తాను,” అన్నారు నిదానంగారు. అంటూనే బానెట్ మీద దుమ్ము కండువాతో తుడిచారు. ఆ కారంటే ఆయనకి ప్రాణం.

ఆయన భార్య వచ్చి పక్కసీట్లో కూర్చుని గడియారం చూసుకుంది. “పదండి. పదకొండింటికి చెల్లెలు రైలు దిగుతుంది. ఆలస్యం అమృతం విషం.”

“నీకు భయం వెయ్యట్లేదూ?”

“మీరుండగా నాకేం భయం?”

నిదానంగారి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత నమ్మకం దాచుకుందని ఆయనకు తెలియదు.

కొత్త స్ప్రింగుతో బండి ముప్పైలో సాఫీగా సాగింది. ఒక సైకిలాయన గంట కొట్టి మరీ దాటిపోయాడు. తర్వాత ఇటుకల లారీ ఒకటి అడ్డొచ్చింది. నిదానంగారు దాని వెనకే చేరి, దుమ్ము మింగుతూ నడపసాగారు.

“ఇంకా పావుగంటే ఉందండీ.”

“నిదానమే…” అని ఆయన అందుకున్నారో లేదో, ఇంజను గావుకేక పెట్టింది. యాభై! అరవై!

“కాలు తీసేశానే! చూడు, కాలు గాల్లో ఉంది!”

“చూస్తున్నా. ఎదురుగా ఎవరూ లేరు, లారీని దాటెయ్యండి.”

దాటేశారు. ఆ సైకిలాయన్నీ దాటేశారు. ఒక బస్సును కూడా దాటారు. నిదానంగారు తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచి, తెలియనివాళ్ళకీ ఓ దణ్ణం పెట్టుకున్నారు. ఆవిడ మాత్రం కుదురుగా కూర్చుని, కుడికి తిరగండనీ, ఎడమకి తిరగండనీ దారి చెబుతూనే ఉంది. స్టేషను గేటు రాగానే ఇంజను పాలపొంగు మీద నీళ్ళు చల్లినట్టు చల్లారింది. రైలుకి ఇంకా పది నిమిషాలుంది.

నిదానంగారు దిగి, ఫోను తీశారు.

“ఎవరికండీ?”

“పాత ఇనుము వాడికి. సాయంత్రానికల్లా వచ్చి పట్టుకుపొమ్మంటాను.”

“అయ్యో, ఇంత చిన్నదానికా? చక్కగా చేరాం కదండీ!”

“చిన్నదా? నిన్ను పక్కన పెట్టుకుని చావు అంచుదాకా వెళ్ళొచ్చాను. ఇరవయ్యేళ్ళు కన్నబిడ్డలా చూసుకున్నాను, నిజమే. కానీ నీకంటే ఎక్కువా?” కారు మీద చెయ్యి వేసి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

అవతల ఫోను మోగుతోంది. ఆవిడ చటుక్కున దాన్ని లాక్కుని కట్ చేసింది. ఆయన ముఖం చూడలేక తల దించుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ నసిగింది.

“ఆ డాష్‌బోర్డు పిడి లాగింది నేనేనండీ.”