నీలిమందు సాక్ష్యం

"నీ ఇంటి మురుగంతా నా ఇంట్లోకి వదిలి పైన హాయిగా కూర్చున్నావా? దిగు కిందికి!"

మెట్ల కింద నిలబడి ఇన్సాఫ్ అరుస్తోంది. కూతురి పేరు మీద ఇరుగుపొరుగు ఆమెను ఉమ్ రిహామ్, అంటే రిహామ్ తల్లి, అని పిలుస్తారు. ఆమె చేతిలో ఉన్న తుడుపుకర్ర నుంచి నల్లటి నీళ్ళు కారుతున్నాయి.

పై అంతస్తు నుంచి సౌసన్ తొంగి చూసింది. "కారేది నీ గోడ, ఉమ్ రిహామ్. దిగాల్సింది నేనా? నీ గొట్టం నువ్వు బాగుచేయించుకో."

"నా గొట్టం బంగారంలా ఉంది. నువ్వు కొత్త బాత్రూమ్ కట్టించిన దగ్గర్నుంచే ఈ దరిద్రం. గురువారం నా రిహామ్ నిశ్చితార్థం. వచ్చేవాళ్ళకి షర్బత్ ఇవ్వనా, ముక్కులు మూసుకోడానికి గుడ్డలివ్వనా?"

"గుడ్డలివ్వు. నీ నోరు విన్నాక చెవులకి కూడా అవే పనికొస్తాయి."

"చాలు!" అంటూ మూడో అంతస్తు నుంచి హాజ్జా బహియ్యా దిగి వచ్చింది. హజ్ యాత్ర చేసొచ్చిన పెద్దావిడ; ఆ బిల్డింగ్‌లో ఆవిడ మాటకి ఎదురు లేదు. ఆవిడ వెనకాలే ప్లంబర్ ఉస్తా దసూకీ, అంటే దసూకీ మేస్త్రీ, భుజాన సంచితో. "పిల్లుల్లా పీక్కోవడం ఆపండి. ఈయన తేలుస్తాడు."

ఇన్సాఫ్ హాలు చివర ఇరుకైన నడవా ఉంది. అక్కడ గోడ అడుగున మురుగు ఊరుతోంది. దసూకీ చతికిలబడి గోడను నాలుగుచోట్ల తట్టి చూశాడు.

"హాజ్జా, పైవాళ్ళ గొట్టం ఈ గోడలోంచి దిగుతుంది. కిందవాళ్ళది ఈ హాలు నేల కింద పోతుంది. రెండూ కలిసేది బయట మ్యాన్‌హోల్లోనే. గోడలోది పగిలితే పై బాత్రూమ్ తవ్వాలి. నేల కిందది పగిలితే ఈ హాలు తవ్వాలి. ఏదైనా వారం పని."

"వారమా!" ఇన్సాఫ్ వెనక్కి తిరిగి హాలు చూసుకుంది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురి కోసం తెచ్చిన బంగారు అంచుల కుర్చీలు, నీలిమందు పెట్టి ఉతికిన తెల్లటి తెరలు.

సౌసన్ ముఖం కూడా పాలిపోయింది. ఆమె అత్తగారికి పక్షవాతం. పై బాత్రూమ్ గోడకి బిగించిన కడ్డీ పట్టుకుని ఆవిడ ఈమధ్యే తనంతట తాను లేచి వెళ్ళగలుగుతోంది. అది తవ్వితే మళ్ళీ అన్నీ మంచం మీదే. మంచం పట్టిన కొత్తల్లో ఆవిడ సిగ్గుతో రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

"మామూలు పరీక్షే," అన్నాడు దసూకీ. "పైన నీలిమందు కలిపిన నీళ్ళు పోస్తాను. ఈ గోడలో నీలం కనిపిస్తే పైవాళ్ళది. లేకపోతే కిందవాళ్ళది."

"నీలం కనిపించాక మాట మారుస్తుంది ఇది. ముందే ఒట్టు వేయించండి, హాజ్జా," అంది ఇన్సాఫ్.

"వల్లాహి, అల్లా మీద ఒట్టు, కనిపిస్తే నా టైల్స్ నేనే సుత్తితో పగలగొడతా," అంది సౌసన్. "మరి కనిపించకపోతే?"

"కనిపించకపోవడం ఏంటి!"

సౌసన్ భర్త ఇంట్లో లేడు. పరాయి మగవాడు పనిచేస్తుంటే ఇంట్లో ఉండటం బాగుండదని, అత్తగారికి చెప్పి ఆమె ఇన్సాఫ్ హాల్లోనే కూర్చుంది. గడప దాటి వచ్చింది శత్రువైనా టీ ఇవ్వాలి కాబట్టి ఇన్సాఫ్ ఇచ్చింది. చక్కెర మాత్రం వేయలేదు. సౌసన్ ఒక్క గుక్క తాగి, "నీ నాలిక ముంచి కలిపావా?" అని పక్కన పెట్టేసింది. బయట ట్రామ్ వెళ్తుంటే కప్పులు గలగలలాడాయి.

"పోసేశానమ్మా!" వెంటిలేటర్ సందులోంచి దసూకీ కేక వినిపించింది. "అరగంట ఆగండి. ఈలోగా నేను బయట మ్యాన్‌హోల్ తెరుస్తాను."

హాజ్జా కూడా వాళ్ళతోనే కూర్చుంది. "కంపు భరించలేకపోతున్నా," అంటూ ఇన్సాఫ్ రెండుసార్లు బకెట్ పట్టుకుని నడవాలోకి వెళ్ళి తుడిచి వచ్చింది. మూడోసారి వెళ్ళి అక్కణ్ణుంచే కేక పెట్టింది.

"రండి! కళ్ళారా చూడండి!"

గోడ అడుగున, మురుగులో, నీలం చారలు. హాజ్జా వంగి చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నీలమే, సౌసన్."

సౌసన్ వేలితో తాకింది. వేలు నీలమైంది. ఆ వేలిని చాలాసేపు అలాగే పట్టుకుని చూసింది.

"మాటంటే మాటే," అంది చివరికి. "రేపు పొద్దున్నే పగలగొట్టిస్తా. గురువారానికి ఇక్కడ వాసన ఉండదు."

"ఆ మాట మొదటే అనుంటే ఇంత నోరు పారేసుకునే పని ఉండేది కాదుగా," అంది ఇన్సాఫ్. "పోతూ పోతూ ఈ బకెట్ తీసుకెళ్ళు. మీ అత్తకి పనికొస్తుంది."

హాజ్జా తల దించుకుంది. సౌసన్ బకెట్ ముట్టకుండా బయటికి నడిచింది. గడప దాటుతుంటే చేతులు గుడ్డతో తుడుచుకుంటూ దసూకీ ఎదురొచ్చాడు.

"ఎక్కడికమ్మా, మీ గొట్టం నిక్షేపంగా ఉంది. నేను పోసిన రంగు చుక్క పోకుండా మ్యాన్‌హోల్లోకి వచ్చింది."

"కళ్ళు పోయాయా, ఉస్తా?" ఇన్సాఫ్ అతని చెయ్యి పట్టుకుని లాగినంత పని చేసింది. "ఇదిగో, ఈ గోడ చూడు. ఈ నీలం చూడు!"

దసూకీ గోడ వైపు చూశాడు. తర్వాత తెల్లటి తెరల వైపు చూశాడు.

"నీలిమందు లేని ఇల్లుండదు, ఉమ్ రిహామ్," అన్నాడు, చేతిగుడ్డ విప్పి చూపిస్తూ. "అందుకే తగువున్న ఇంట్లో నీలమని చెప్పి ఎరుపు పోస్తాను."