ఇంటికి లేని గుడ్డ

"ఇంటి మీది గుడ్డ తీసి కారు మీద కప్పుతారేటండీ?" అంది బుల్లమ్మ, నిచ్చెన కాలు పట్టుకుని.

పైనున్న అప్పలరాజు తాళ్ల ముడులు విప్పాడు. పడమటి గది పెంకుల మీద పరిచిన టార్పాలిన్ గుడ్డను చుట్టచుట్టి కిందికి వదిలాడు. పొద్దుటి నుంచి ఆకాశం నల్లగా ఉంది. సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది.

"గది కురుత్తాది. పిల్ల ఎక్కడ పడుకుంటాది?"

"ఇంకో గదిలో."

"అదీ కురుత్తాది."

"ఇల్లు తడిత్తే ఆరుతాది. కారు తడిత్తే తుప్పు పడతాది."

"నన్ను పెళ్లాడి ఇరవై రెండేళ్లయింది. ఒక్కనాడు నా నెత్తి మీద గొడుగు పట్టేరా?"

"నువ్వు తుప్పు పడతావేటి?"

బుల్లమ్మ నవ్వు ఆపుకుని నిచ్చెన గట్టిగా పట్టుకుంది.

యుద్ధం వచ్చాక అనకాపల్లిలో పెంకులూ దొరకలేదు, ఇనుప రేకులూ దొరకలేదు. షెడ్డు లేక కారు వాకిట్లో ఆకాశం కిందే ఉండేది. మొదట అప్పలరాజు తన కొట్టులో బెల్లం దిమ్మలకు చుట్టే తాటాకు చాపలు తెచ్చి కప్పాడు. రెండో రోజుకి చీమలు బారులు తీరాయి. మూడో రోజు పక్కింటి ఆవు వచ్చి చాప లాగేసి, కారు తలుపు దాకా నాకింది. ఆనాటి నుంచి ఆయన ఆవునీ మనిషినీ ఒక్కలాగే చూశాడు. కాళ్లు కడుక్కోనిదే ఎవరూ కారెక్కకూడదు. నూనె తలతో వెనక సీటుకి ఆనుకోకూడదు.

ఆ జాగ్రత్త ఎందుకో బుల్లమ్మకు తెలుసు. కూతురు బంగారుతల్లికి నెలలు నిండాయి. కిందటిసారి నొప్పులు వస్తే ఎడ్లబండి మీద విశాఖపట్నం పెద్దాసుపత్రికి బయలుదేరారు. తిరిగి వచ్చేటప్పుడు ఒడిలో బిడ్డ లేదు; ఎడ్లను ఎవరూ తొందరపెట్టలేదు. ఆ తరవాతే అప్పలరాజు ఈ పాత కారు కొన్నాడు. కూపన్ల మీద దొరికిన పెట్రోలు చుక్క కూడా వాడకుండా దాచాడు. రైలుంది కదా అన్నవాళ్లతో, "నొప్పులకి టైమ్ టేబులుందా బావా?" అనేవాడు.

గుడ్డ కప్పి, నాలుగు మూలలా తాళ్లు బిగించి, ఒకటికి రెండుసార్లు లాగి చూసుకున్నాడు. మధ్యాహ్నానికి వాన అందుకుంది. భోజనాలు కాకముందే బంగారుతల్లికి నొప్పులు మొదలయ్యాయి.

మంత్రసాని మరిడమ్మ తడుస్తూ వచ్చింది. పడమటి గదిలో మంచం తడిసిపోయింది. మధ్యగదిలో కురిసే చోట్ల పెట్టిన గిన్నెలన్నీ నిండిపోయాయి.

"పొడిగా జానెడు సోటు లేదు. పిల్లనెక్కడ పడుకోబెట్టను బాబూ?" అంది మరిడమ్మ.

"ఆసుపత్రికి పోదాం," అన్నాడు అప్పలరాజు, కారు మీది గుడ్డ లాగేస్తూ.

బంగారుతల్లిని వెనక సీటు మీద పడుకోబెట్టారు. ఆమె తలకి నూనె ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. మరిడమ్మ బురద కాళ్లతోనే ఎక్కింది.

డ్రైవరు సోమన్న బుచ్చయ్యపేట వెళ్లి ఇంకా రాలేదు. నడపడం అప్పలరాజుకి కొద్దిగా వచ్చు. కారు ముందుకి వెళ్లి స్టార్టు చేసే హ్యాండిలు తిప్పాడు. కారు ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. ఈసారి దగ్గు కూడా లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి.

"బండి కట్టించమంటారా?" అంది బుల్లమ్మ మెల్లగా.

"బండి మాటెత్తకు."

వానలో నిలబడి మళ్లీ మళ్లీ తిప్పాడు. చాలాసేపటికి మరిడమ్మ కారులోంచి తల బయటపెట్టింది.

"ఇంక ఆపండి బాబూ," అంది.

హ్యాండిలు ఆయన చేతిలోంచి జారి బురదలో పడింది.

మర్నాడు ఉదయం వాన తెరిపిచ్చాక సోమన్న వచ్చాడు. ఇంటి పెంకులు సగం వాకిట్లో ఉన్నాయి. బుల్లమ్మ అరుగు మీద కూర్చుని తడి బట్టలు పిండుతోంది. కారు మీద గుడ్డ మళ్లీ ఎప్పటిలాగే కప్పి ఉంది. ఒక పక్క మాత్రం జానెడు ఎత్తి కట్టారు. అక్కడ వేపరెమ్మ వేలాడుతోంది. సాంబ్రాణి పొగ సన్నగా వస్తోంది. పక్కనే పీట మీద అప్పలరాజు కూర్చున్నాడు. రాత్రి నిద్రపోయిన కళ్లలా లేవు అవి.

"ఇల్లెగిరిపోయినా కారు మాత్రం బద్రంగా ఉంది బాబూ," అన్నాడు సోమన్న. "దిష్టికి వేపరెమ్మ కూడా కట్టేరు. సాంబ్రాణీ ఏసేరు. హారతొక్కటే తక్కువ."

అప్పలరాజు గుడ్డ అంచు సర్దాడు.

"నిన్న ఎంత తిప్పినా కదల్లేదు," అంది బుల్లమ్మ, చేతిలో బట్ట వంకే చూస్తూ.

సోమన్న కారు వెనక్కి వెళ్లి గుడ్డ అంచు ఎత్తాడు. వంగి, పొగ గొట్టంలో వేలు పెట్టి, గుప్పెడు కొబ్బరి పీచు లాగాడు.

"ఇదేటి బాబూ?"

"ఎలకలు దూరతాయని పోయినవారం నేనే కుక్కేను," అన్నాడు అప్పలరాజు. "మరిసిపోయేను."

"ముక్కు మూసేసి పరిగెట్టమంటే ఎవడు పరిగెడతాడు?" సోమన్న నవ్వి, పీచు పక్కన పడేసి, హ్యాండిలు తీసుకుని ముందుకి నడిచాడు. "ఇప్పుడు సూడండి. ఒక్క తిప్పు తిప్పితే సాలు, విశాఖపట్నమేటి, మద్రాసు దాకా పోతాది."

అప్పలరాజు లేచాడు. సోమన్న చేతిలోంచి హ్యాండిలు తీసి అరుగు మీద పెట్టాడు. కింద పడిన పీచు ఏరి, ముద్ద చేసి, వంగి గొట్టంలో మళ్లీ జాగ్రత్తగా కుక్కాడు.

"పదకొండు రోజులు ఆగు సోమన్నా," అన్నాడు గొంతు తగ్గించి. "పురుడెళ్లేదాకా తల్లినీ పిల్లనీ ఆ ఎనక సీటు మీంచి కదపకూడదంది మరిడమ్మ."