స్వర్ణ చేతి రొట్టె

“గోడకు అతుక్కపోకు, జర ముందట కూసో,” అంది స్వర్ణ.

“నేనెందుకే నీ వెంట? ఊర్ల తెలిస్తె నా ఇజ్జతేం గావాలె?” ఎల్లేశం రుమాలు మొహం మీదికి లాక్కున్నాడు.

“రొట్టెలు అమ్ముకునుడు దొంగతనమా?”

పెళ్లాం పక్కకు జరిగి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఏటా ఎండాకాలం తోటి మగవాళ్లతో కలిసి గొర్రెల మందను కృష్ణా ఒడ్డుకు తోలుకుపోయే మనిషి. తోడేలుకు జంకనివాడు నార్కట్‌పల్లి మండల ఆఫీసులో ఆడవాళ్ల నడుమ సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఏం చేస్తాడు? రోగమొచ్చి మంద సగమైంది. బస్టాండు ముందు మహిళా సంఘం పెట్టించే క్యాంటీన్ దొరికితేనే ఇల్లు నిలబడేది.

అధికారి ప్రణీత స్వర్ణ తెచ్చిన జొన్నరొట్టె తుంచి తలకాయకూరలో అద్దుకుంది. మళ్లీ తుంచింది.

“దూదిలెక్క ఉందమ్మా! నీ చేతుల ఏముందో గని!”

స్వర్ణ తల దించుకుంది. ఎంత అణకువో అనుకున్నారు అందరూ.

“క్యాంటీన్ నీకే ఇస్తం. మా ముందర ఒక్కటి చేసి చూపెట్టు.”

పొయ్యి, పిండి, వేడినీళ్లు అన్నీ అక్కడే ఉన్నాయి. స్వర్ణ పిండి కలిపి తట్టసాగింది. అంచులు పగిలాయి. పెనం మీదికి ఎత్తబోతే రొట్టె రెండు ముక్కలైంది.

“ఇంకోళ్లు చేసిచ్చినయి తెచ్చింది మేడమ్!” పోటీకి వచ్చిన సుగుణమ్మ నవ్వింది. గదంతా నవ్వింది.

ప్రణీత మొహం మాడ్చుకుంది. “నిజం చెప్పు స్వర్ణా. గీ రొట్టెలు ఎవరు చేసిండ్రు? చేసినోళ్లు ముందటికి రావాలె. లేకుంటె సుగుణమ్మకు ఇస్తం.”

స్వర్ణ ఎవరికీ చెప్పనని మాటిచ్చి వచ్చింది మరి. కన్నీళ్లు జలజలా పిండిలో పడ్డాయి.

ఎల్లేశం తలుపు వైపు చూశాడు. మెల్లగా జారుకుంటే ఎవరూ గుర్తుపట్టరు. కానీ కట్టుకున్నది నలుగురిలో నవ్వులపాలవుతుంటే తాను ముసుగేసుకుని కూర్చోవడమా? పొద్దుటి సిగ్గు కంటే ఈ సిగ్గే ఎక్కువ కాల్చింది. రుమాలు తీసి లేచాడు.

“నేనే మేడమ్. మంద కాడ నేర్చుకున్న,” అన్నాడు, చేతులు కడుక్కుంటూ.