ఎర్ర దారం మూట

“మన పిల్ల గొంతు నులిమింది మీరే!” మేస్త్రి చేతిలోని ఉత్తరాన్ని డైరెక్టరు బల్ల మీద విసిరికొట్టాడు. “ఫ్యాను కింద కూర్చుని పదేళ్ళు మనదే మొదటిదని చప్పట్లు కొట్టుకున్నారు. బయటి దేశాల పోటీకి పంపితే ఏమైంది? పన్నెండు దేశాల శనగల్లో ఆఖరు!”

పిల్ల అంటే ఆ పరిశోధన కేంద్రం తయారుచేసిన శనగ రకం. దాని మొదటి గింజ నాటిన చెయ్యి మేస్త్రిదే.

డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జవాబిచ్చింది కొత్తగా వచ్చిన శాస్త్రవేత్త మేడమ్.

“తప్పు పిల్లది కాదు మేస్త్రీ, పెంపకానిది. ఇక్కడ అడక్కముందే నీళ్ళు, దగ్గితే మందు. అక్కడ వానే దిక్కు. అందుకే ఈసారి కాలవ నీళ్ళు అందని చివరి సాళ్ళలోంచే గింజ ఏరాను. ముందు మన పొలంలోనే ఆ పన్నెండు దేశాల రకాలకీ పోటీ. వాన తప్ప చుక్క నీరు పెట్టేది లేదు. మనది గెలిస్తే మళ్ళీ బయటికి. ఓడితే ఈ విభాగం మూసేయమని పైవాళ్ళు రాసేశారు.”

“మూస్తే నలభై మంది కూలీలు ఏ గంగలో దూకాలి?”

“అందుకే గెలవాలి.”

ఏ మడిలో ఏ రకముందో ఎవరికీ తెలియకూడదన్నది మేడమ్ పెట్టిన నియమం. మూటల మీద పేర్లుండవు, అంకెలే. మేస్త్రి తక్కువ తిన్నాడా? విత్తనం మూటలు కట్టేటప్పుడే మన రకం మూట ముడిలో ఒక ఎర్ర దారం పోగు దూర్చాడు. విత్తే రోజు ఆ ఎరుపు తొమ్మిదో మడి గట్టు మీద కనబడింది. అతని మొహం వెలిగిపోయింది.

ఆనాటి నుంచి, భోజనాల వేళ అందరూ షెడ్డులో ఉండగా, అతను రెండు బకెట్లతో తొమ్మిదో మడికి నడిచేవాడు. పొట్ట కాలుతున్నా సరే.

“ఈ వయసులో నడుము విరగ్గొట్టుకుని ఎవరికయ్యా ఈ మోత?” అని ఇంట్లో భార్య దులిపేసింది.

“మన పిల్లకే.”

“మేడమ్ చూస్తే?”

“చూడనీ. ఆకలేసిన బిడ్డకి అన్నం పెట్టడానికి అర్జీ పెట్టుకోవాలా?”

ఒకరోజు మేడమ్ తొమ్మిదో మడి దగ్గర ఆగి మట్టిని పిడికిట్లో పిసికి చూసింది.

“మంచు బాగా పడుతోందే మేస్త్రీ! ఈ ఒక్క మడి మీదే.”

“మంచుకి కూడా మనసుంటుంది మేడమ్.”

ఆవిడ నవ్వి, చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయింది.

తూకాల రోజు వచ్చింది. నలభై మంది కూలీలూ కాటా చుట్టూ మూగారు. డైరెక్టరు కాగితం చదివాడు.

“మొదటిది నాలుగో మడి. రెండోది తొమ్మిది.”

మేస్త్రి ఉన్నచోటే బస్తా మీద కూలబడ్డాడు. దాచుకున్నదంతా కక్కేశాడు.

“దొంగచాటుగా నీళ్ళు పోసి మరీ ఓడగొట్టానమ్మా! బకెట్లు మోసిన భుజాల నొప్పి ఇంకా తగ్గలేదు. అయినా రెండోదే. తప్పు నాది, నన్ను తీసేయండి. విభాగం మాత్రం మూయకండి. వీళ్ళంతా రోడ్డున పడతారు.”

డైరెక్టరు నోరు తెరవబోతే మేడమ్ చేత్తో ఆపింది. జేబులోంచి ఒక ఎర్ర పోగు తీసి చూపించింది.

“ఇది మీదేనా?”

“నాదే” అన్నాడు తలెత్తకుండా.

“లేవండి. ఆ బకెట్లు గోదాములో పడేసి తాళం వేయండి. ఇకమీదట ఎవరికీ జాలినీళ్ళు పోసేది లేదు. నాలుగో మడి గింజ ఇవాళే ఏరి మూటలు కట్టండి, మిగతా దేశాలన్నిటికీ పంపాలి.”

“పరాయిదాన్ని నా చేత్తో సాగనంపాలా తల్లీ?”

“విత్తే ముందే దారం నేనే వేరే మూటకి మార్చాను మేస్త్రీ, నాలుగోదే మన పిల్ల.”