ఎంతదాకా

"ఎంతదాకా కనుక్కుని వచ్చారక్కా?"

బొరామ్‌కి ఒళ్ళు మండింది. యోంగ్‌సాన్ కంప్యూటర్ల బజారులో పొద్దుట్నుంచీ ఏ కొట్టు ఎక్కినా ఇదే పలకరింపు. వస్తువు ధర చెప్పరు. నీకెంత తెలుసో ముందు నీ నోటితోనే కక్కించి, తెలియని దాని మీద దెబ్బ కొడతారు.

"నేనెంత కనుక్కుంటే మీకెందుకండీ? మీ ధర మీరు చెప్పండి."

"చెప్తానక్కా, చెప్పడానికేగా కూర్చుంది." కొట్టువాడు నవ్వాడు. పళ్ళ సందున ఎర్రగా కిమ్చీ పచ్చడి తునక. మోచేతి పక్కన కాగితపు కప్పులో, కాఫీ అడుగున నానుతున్న సిగరెట్ పీకలు. బట్టలకి ఏమైనా అంటుకుంటుందేమోనని బొరామ్ కుర్చీ అంచునే కూర్చుంది.

రేపు కూతురు హారిన్ పుట్టినరోజు. క్లాసు పిల్లలంతా సాయంత్రమైతే ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చునే కంప్యూటర్లో కలిసి ఆడతారట. మర్నాడు బడిలో అవే కబుర్లు. ఈ పిల్ల వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంటుందట. "కొనకపోయినా పర్లేదులే అమ్మా" అని అది అన్న తీరు చూడలేక, దాచిందంతా పట్టుకొచ్చింది బొరామ్.

ఫోన్ తీసి, అక్కడా ఇక్కడా చదివి తను ఎంచుకున్నవి చూపించింది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు. అన్నీ చవకలో వచ్చేవే.

వాడు చూసి నాలుక చప్పరించాడు. "ఈ గ్రాఫిక్స్ కార్డు ఎవరు చెప్పారక్కా మీకు?"

"నేనే చూసుకున్నా."

"అదీ సంగతి. ఆ ప్రాసెసర్‌కి దీన్ని తగిలించడమంటే గుర్రబ్బండికి మేకను కట్టినట్టే. ఆట మొదలెట్టగానే బొమ్మ నత్తలా పాకుతుంది. తోటి పిల్లలు నవ్వుతారు."

"ఇది చాలని అందరూ రాశారు."

"రాసినవాళ్ళు వచ్చి బిగిస్తారా? అయినా అది స్టాకు లేదు. మొత్తం బజార్లోనే లేదు."

"ఇందాక పక్క కొట్లో చూశాను."

"వాడి దగ్గరున్నది ఎవరో వాడి పడేసిన సరుకు. పట్టుకెళ్ళండి, నాకేం."

అంటూనే బల్ల కింద నుంచి ఇంకో పెట్టె తీశాడు. దాని మూల మీద ఎండిపోయిన నూడుల్స్ పులుసు మరక. బొరామ్ వద్దనేలోపే బ్లేడుతో సీలు చరచరా కోసేశాడు.

"అయ్యో, నేనింకా తీసుకుంటానని అనలేదు."

"చూడ్డానికేగా. కాకపోతే సీలు తీశాక వెనక్కి తీసుకోం. మీకు తెలియనిదేముంది."

బొటనవేలు నాకి కవరు విప్పి, అదే చేత్తో కార్డు ఆమె ముందు పెట్టాడు. ఫ్యాను రెక్కల మధ్య పొడుగాటి వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది.

"కొత్తదానికి వెంట్రుకెక్కడిదండీ?"

"ఫ్యాక్టరీలో ఆడపిల్లలు కదక్కా. జుట్టు రాలుతుంది, పాపం."

బొరామ్ కార్డుని వేలికొసతో అవతలికి నెట్టింది. లేచి సంచి అందుకుంది. అందులోంచి నల్లకోటు సగం జారి కిందపడబోయింది. వాడే పట్టుకుని అందించాడు. ఆ వేళ్ళు కోటుకి తగిలినందుకు కూడా ఆమెకి రోత పుట్టింది.

"డ్యూటీకి వెళ్ళాలా అక్కా? ఎక్కడ?"

"ఆసుపత్రిలో."

"అబ్బ. కష్టంలో ఉన్నవాళ్ళని ఆదుకునే పని. మీలాంటి వాళ్ళకి దండం పెట్టాలి." గొంతు తగ్గించాడు. "అందుకే సొంత తమ్ముడిలా చెప్తున్నా. పిల్లకి మొదటి కంప్యూటర్ కదా. ఇలాంటివి మళ్ళీ మళ్ళీ కొంటామా? ఇక్కడ చెయ్యి వెనక్కి లాగితే దాని మనసులో ఉండిపోతుంది. మీ మనసులోనూ ఉండిపోతుంది."

అక్కడ తగిలింది. తగిలిందని వాడికీ తెలిసింది.

బొరామ్ మళ్ళీ కూర్చుంది. ఆ కార్డుకి ఈ పవర్ సప్లై సరిపోదన్నాడు, మార్చాడు. ఆ పవర్ సప్లైకి ఈ క్యాబినెట్ చాలదన్నాడు, మార్చాడు. రంగుల దీపాలు లేకపోతే పిల్లలు కంప్యూటరే అనరన్నాడు, అవీ పెట్టాడు. తెచ్చిన సొమ్మంతా ఊడ్చుకుని, మిగతాది వాయిదాల మీద క్రెడిట్ కార్డు గీకించుకున్నాడు. ఆ వాయిదా జీతంలో పట్టేది కాదు.

"ఇంతమందిని ఏమార్చి, అన్నం ఎలా దిగుతుందండీ మీకు?" అంది లేస్తూ.

"సుబ్బరంగా దిగుతుందక్కా," అన్నాడు ఏమాత్రం కోపం లేకుండా. "బిగించి రేపు పొద్దున్నే ఇంటికి పంపిస్తా. మౌస్ కింద పరిచే గుడ్డ మాత్రం నా తరఫున ఊరికే."

ఆసుపత్రికి చేరగానే మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుంది బొరామ్. ముక్కుకి ఇంకా ఆ నానిన సిగరెట్ల వాసనే తగులుతోంది. ఎదుటివాడికి తెలియకపోవడాన్ని పీక్కుతినే రాబందులు, అనుకుంది. నల్లకోటు దులిపి, తొడుక్కుని, గుండీలు పెట్టుకుని లిఫ్టులో నేలమాళిగకి దిగింది.

శవాగారం పక్కన, అంత్యక్రియల సామాను అమ్మే గదిలో, ఆమె బల్ల ముందు ఒక ముసలాయన టోపీని చేతుల్లో నలుపుతూ కూర్చుని ఉన్నాడు. తెల్లవారుజామున భార్య పోయిందట.

"నాకివేవీ తెలియవమ్మా," అన్నాడు. "మామూలు బట్ట ఏదైనా ఒకటి…"

బొరామ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. అరలో అన్నిటికంటే పైనున్న, అన్నిటికంటే ఖరీదైన, చేత్తో నేసిన నారబట్ట కవరు చింపి, మడతలు విప్పి, ఆయన అడక్కుండానే ఒళ్ళో పరిచింది.

"ఆవిడకి ఆఖరి బట్ట కదా పెద్దాయనా," అంది మెత్తగా. "ఎంతదాకా కనుక్కుని వచ్చారు?"