కిటికీ కింద పెద్దబాతు

తొట్టిలో నీళ్లు ఎర్రబడ్డాయి. పెద్దబాతు ఒక మగబాతు మెడను కరిచిపట్టుకొని నీళ్లలోకి అదుముతోంది. మిగతా బాతులు గోడ వారన ఒకదాని మీదొకటి పడి అరుస్తున్నాయి.

"వదులు! నీ మొహం మండ, వదులు!"

బాతులమ్మ చీపురు తిరగేసి బాదింది. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. బాతుగుడ్లు అమ్ముకొని ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. పెద్దబాతు మగబాతును వదిలేసి, బుసకొడుతూ వచ్చి ఆమె పిక్క పట్టుకుంది. ఎలాగో విదిలించుకొని చూసేసరికి మగబాతు నీళ్ల మీద పక్కకు ఒరిగి ఉంది. ఇక లేవలేదు.

గేటు తోసుకొని వచ్చిన మరిది అక్కడే ఆగిపోయాడు.

"ఇంకోటా వదినా?"

చచ్చిన బాతును ఒళ్లో పెట్టుకొని తొట్టి పక్కనే కూలబడింది.

"పశువుల డాక్టరు దాన్ని వేరుగా పెట్టమన్నాడు కదా?"

"పెట్టకేం! మేత వేరు, నీళ్లు వేరు. మధ్యలో వల కట్టాను, చింపింది. తడిక పెట్టాను, పడదోసింది. తోడు లేక అలా చేస్తోంది, అద్దం చూపించమని ఆ డాక్టరే అంటే బీరువా అద్దం ఊడదీసి దాని ముందు పెట్టాను. కాసేపు మురిసిపోయింది. తర్వాత దాంతోనూ తగువే. అద్దం కాస్తా ముక్కలైంది. చివరికి మీ అన్నయ్య కిటికీ కింద కట్టేశాను. రాత్రీ పగలూ అక్కడే. ఇవాళ తాడు తెంపుకుంది."

"గుడ్లు పెడుతున్నాయా?"

"ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని తిరిగేవి గుడ్లేం పెడతాయయ్యా?"

మరిది పెద్దబాతు వంక చూశాడు. అది ఏమీ ఎరగనట్టు రెక్క దువ్వుకుంటోంది.

"దాన్ని నాకిచ్చెయ్యండి. మా నర్సరీలో కాపలాకి ఉంటుంది. అక్కడ తగువు పెట్టుకుందామన్నా మొక్కలు తప్ప ఎవరూ ఉండరు."

బాతులమ్మకు నవ్వు రాలేదు. కిటికీ వైపు చూసింది. లోపల మంచం మీద ఆమె భర్త. పక్షవాతం వచ్చి ఓ పక్క పడిపోయింది, మాట పడిపోయింది. ఈ పెద్దబాతును పిల్లగా ఉన్నప్పుడు చొక్కాలో దాచుకొని తెచ్చి, దాని నడక చూసి 'ఇన్‌స్పెక్టరు' అని పేరు పెట్టింది ఆయనే.

"మీ అన్నయ్య ప్రాణమంతా దాని మీదే ఉంది," అంది గొంతు తగ్గించి. "నేను గొంతు చించుకున్నా రెప్ప కదపరు. అది అరిస్తే మాత్రం కళ్లమ్మట నీళ్లు కారతాయి. ఆ ఒక్క ఆశతోనే బతుకుతున్నాను. దాన్ని పంపేస్తే ఆయన్ని నా చేత్తో నేనే..."

మాట పూర్తి కాలేదు. పెద్దబాతు కిటికీ కిందికి వెళ్లి, మెడ నిక్కించి, ఊరంతా వినబడేలా అరిచింది. ఇద్దరూ లోపలికి తొంగి చూశారు. ఆయన కళ్ల నుంచి ధారగా నీళ్లు కారి దిండులోకి ఇంకిపోతున్నాయి.

"చూశావా?"

మరిది మొహం పక్కకు తిప్పుకున్నాడు. "చూశాను వదినా. కానీ ఈ బాతులన్నీ పోతే రేపు అన్నయ్య నోట్లో గంజి ఎవరు పోస్తారు?"

గోడ వారన ఓ ఆడబాతు మేత కోసం లేవబోయింది. ఈకలు ఊడి పుండైన మెడను నిలబెట్టలేక మళ్లీ చతికిలబడింది. బాతులమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"తీసుకుపో," అంది. "నా మనసు మారకముందే తీసుకుపో."

గోనెసంచి కప్పి పట్టుకొనేసరికి ఇద్దరి చేతులూ గాయాలే. బండి సందు మలుపు తిరిగేదాకా దాని కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. తర్వాత ఏమీ లేదు. పెరడంతా పీనుగు లేచిన ఇల్లులా ఉంది. బాతులు కూడా అరవడం మరిచిపోయాయి.

ఆమె తొట్టి కడిగింది. చచ్చిన బాతును పూడ్చింది. చెయ్యడానికి ఇంకే పనీ మిగలక లోపలికి వెళ్లింది.

భర్త కిటికీ వైపే చూస్తున్నాడు. మంచం చివర కూర్చొని, చచ్చుబడిన ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"పంపేశానండీ," అంది. "మీ ఇన్‌స్పెక్టర్ని పంపేశాను. నాకు వేరే దారి లేకపోయింది. మిమ్మల్ని కదిలించేది అదొక్కటే అని తెలిసీ పంపేశాను. నాలాంటి పాపిష్టిది ఇంకెక్కడా ఉండదు."

పాదానికి నుదురానించి వెక్కి వెక్కి ఏడ్చింది. అంతలో ఏదో గురగుర వినబడి తలెత్తింది.

ఆయన పెదవులు కదులుతున్నాయి.

ఇన్నాళ్లూ ఒక్క మాట కోసం మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు ఆ మాట వస్తోంది. ఏమడుగుతాడో ఆమెకు తెలుసు. 'ఏదీ?' అంటాడు. ఏం చెప్పాలి? బండి వెనక ఇప్పుడు పరిగెత్తినా అందుతుందా?

"చెప్పండి, వింటున్నాను," అంటూ ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది.

ఆయన ఒంట్లో మిగిలిన బలమంతా గొంతులోకి తెచ్చుకొని, ఒక్కో అక్షరమే పైకి నెట్టాడు.

"హ... మ్మ... య్య!"