గోధుమ కలవని జంతికలు

“శనగపిండి ఎక్కడ ఆడించారు?”

“మరలోనేనండీ. ఇంకెక్కడ ఆడిస్తారు?”

“అదే మరలో గోధుమలు కూడా ఆడతారా?”

మాణిక్యమ్మ జంతికల డబ్బా మీద చెయ్యి ఆనించి, వచ్చినాయన వంక ఎగాదిగా చూసింది. గుడివాడ బస్టాండు వెనక సందులో పదేళ్లుగా పిండివంటల కొట్టు నడుపుతోంది. ఇన్ని ప్రశ్నలు ఆమె పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ వేయలేదు.

“ఇంగువ ఏది వేస్తారు? పొడి ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది, తెలుసా? గవ్వలు వేయించిన నూనెలోనే ఇవీ వేయిస్తారా?”

“మీరు కొనడానికొచ్చారా బాబూ, తనిఖీకొచ్చారా?”

సోమేశ్వరరావు నవ్వలేదు. ఆయన కూతురు శ్రీజకు ఎనిమిదేళ్లు. గోధుమ పడదు. చిటికెడు మైదా లోపలికి వెళ్లినా పేగులు పుండవుతాయి. ఇంకొక్కసారి అలా జరిగితే పిల్ల తట్టుకోలేదని డాక్టరు గట్టిగా హెచ్చరించాడు.

కానీ బడిలో పిల్లలంతా డబ్బాలు విప్పుతుంటే శ్రీజ ఒక్కతే అరటిపండు వలుచుకుంటుంది. “నాకూ కరకరలాడేవి కావాలి నాన్నా” అని నిన్న ఏడ్చింది.

అందుకే బందరు నుంచి కారేసుకుని ఇంత దూరం వచ్చాడు. బందరులో మిఠాయి కొట్లకు కొదవ లేదు. అయినా అక్కడి ప్యాకెట్టు ఒక్కటి కూడా ఆయన తన గడప దాటనివ్వడు.

“అన్నీ మా ఇంట్లో నా చేత్తో చేసినవేనండీ” అంది మాణిక్యమ్మ. “బియ్యప్పిండి, శనగపిండి, వాము. ఇంగువ వేయను. గవ్వలు అసలు చేయను. అమ్మవారి మీద ఒట్టు. పాపకి కడుపునిండా పెట్టుకోండి.”

ఆ నెరిసిన జుట్టునూ, ఆ ఒట్టునూ సోమేశ్వరరావు నమ్మాడు. రెండు కిలోలు కట్టించుకున్నాడు.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మిగిలిన జంతికల పొట్లం బల్ల మీదికి విసిరాడు.

“పెద్దావిడ కదా అని నమ్మానండీ! నా బిడ్డ ఐసీయూలో ఉంది. వీటిని పరీక్ష చేయిస్తే సగానికి సగం మైదా అని తేలింది. అమ్మవారి మీద ఒట్టేసి మరీ నా గొంతు కోశారు!”

మాణిక్యమ్మ స్టూలు మీద కూలబడింది.

“తప్పయిపోయింది బాబూ. మోకాళ్లు అరిగాక పొయ్యి దగ్గర నిలబడలేక వండటం మానేశాను. సరుకు బయట నుంచి తెప్పిస్తున్నాను. ఇంట్లో చేసినవంటేనే జనం కొంటారని అబద్ధమాడాను. కానీ మైదా సంగతి నాకు తెలీదండీ! గోధుమ కలవలేదని డబ్బా మీద అచ్చేసి ఉంటే నేనూ నమ్మాను.”

“ఎవడు వాడు? మైదా కలిపి, కలవలేదని అచ్చేసేవాడు అసలు మనిషేనా? వాడికి పిల్లల్లేరా?”

“మొహం నేనూ చూళ్లేదండీ. ఆర్డర్లు మా అల్లుడు చూసుకుంటాడు, వ్యానులో వచ్చి పడతాయి. సరుకొచ్చిన డబ్బా లోపలుంది. దాని మీద ఓనరు నంబరుంటుంది. ఇప్పుడే ఫోన్ కలుపుతాను, మీరే కడిగెయ్యండి.”

“కలపండి. వాణ్ణి జైలుకి పంపించకపోతే నేను శ్రీజ తండ్రినే కాదు.”

మాణిక్యమ్మ లోపలి గదిలోకి వెళ్లింది. కళ్లజోడు సర్దుకుని, డబ్బా మీది అంకెలు ఒక్కొక్కటే నొక్కి, స్పీకర్ పెట్టింది.

లోపల రింగు మొదలవగానే, సోమేశ్వరరావు చొక్కా జేబులో ఫోను మోగింది.